రాయల్పాడుకు పోని కారు

మా కారు రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోయేది. బంగారుపేట స్టేషనుకు పోయేది. రోజూ నన్ను ఆఫీసుకు తీసుకుపోయి తీసుకొచ్చేది. రాయల్పాడుకు మాత్రం పోయేది కాదు. నా భార్య చనిపోయిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ దారి మధ్యలోంచి వెనక్కి తిరిగి వచ్చాను.

రాయల్పాడు నా భార్య పుట్టిన ఊరు. ఆమె అక్క, అంటే నాకు వదిన, అక్కడే మామిడితోటలో ఉంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే గొంతు. ముఖాల్లో పోలిక లేదు. వదిన పొడగరి, నా భార్య పొట్టి. గోడ అవతలినుంచి వింటే మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేం. పెళ్లయిన కొత్తలో వదిన ఎవరినో పిలిస్తే నేను "ఏమే" అని పలికి, ఇంటినిండా నవ్వులపాలయ్యాను.

భార్య పోయిన కొన్ని నెలలకు నాకు ఆమె గొంతు గుర్తు రావడం మానేసింది. అది ఒక ఉదయం తెలిసింది. కాఫీ కలుపుతూ, ఆమె పొద్దున్నే అనే ఒక మాటను మనసులో అనుకున్నాను. మాట వచ్చింది, కాని అది నా గొంతుతో వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ నా గొంతే. మా ఇంట్లో టేపురికార్డరు లేదు. ఫోటోలు ఉన్నాయి, అన్నిట్లోనూ ఆమె నోరు మూసుకునే ఉంది. ఆ రోజునుంచి వదినను ఇంటికి తీసుకురావాలన్న కోరిక నన్ను పట్టుకుంది. బస్సెక్కి నేనే రాయల్పాడుకు పోయి ఆ గొంతు విని రావచ్చు. కాని నాకు కావలసింది ఆ గొంతు మా ఇంట్లో, మా వంటింట్లోంచి, ఒక్కసారైనా వినడం.

వదిన తుంటి విరిగి బస్సు ఎక్కలేని స్థితిలో ఉంది. ఆ కారణంగానే చెల్లెల్ని ఆఖరిసారి చూడడానికి కూడా రాలేకపోయింది. మామిడికాయల లారీలో వచ్చిన మనిషితో కబురు పంపింది: బాడుగ కారు వద్దు, చెల్లెలు కూర్చున్న కారు వస్తే, చెల్లెలు కూర్చున్న సీట్లో కూర్చుని వస్తానని. వదిన మాట అంటే మాటే. కాబట్టి కారు పోవాలి.

మా ఊరి బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక, ఊరు వదిలి వెళ్లిన ఇంగ్లీషు అధికారుల సామాన్లు చాలాకాలం ఊళ్లో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఉండేవి. సోఫాలు, గడియారాలు, కుక్కల గొలుసులు. ఈ కారు కూడా అలా తిరిగి తిరిగి, ముసలిదై, మా ఇంటిముందు రేకుల కిందికి చేరింది. నేను గని సర్వే ఆఫీసులో పటాలు గీసేవాణ్ణి. నాకు కారు మీద ప్రత్యేకమైన ఇష్టం ఏమీ లేదు. నా భార్యకు ఉండేది. అద్దం దించుకుని, మోచేయి బయట పెట్టి, ఏటా మామిడి కోతల్లో రాయల్పాడుకు పోవడం ఆమెకు పండగ.

మొదటిసారి ఒక్కణ్ణే బయలుదేరాను. దూరప్రయాణం కదా అని ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మూత బిగించి, పొద్దున్నే ఊరు దాటాను. బేతమంగళం వరకు బాగానే నడిచింది. చెరువు వెనక్కి పోయి ముళబాగిలు దారి ఎత్తు ఎక్కడం మొదలైంది. అక్కడ బండి తడబడింది. యాక్సిలరేటరు తొక్కితే వెంటనే అందుకోలేదు. కాసేపు వెనకాడి అప్పుడు కదిలింది. ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ వెనకాడింది, ఈసారి కదలకుండానే ఆగిపోయింది. సెల్ఫ్ తిప్పితే ఇంజను తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. బానెట్ ఎత్తి వైర్లన్నీ ఒకసారి నొక్కి చూశాను. పక్కన చింతచెట్టు నీడ ఉంటే అక్కడ కూర్చుని తెచ్చుకున్న పుస్తకం తెరిచాను, చదవలేదు. కొంతసేపటికి లేచి తాళం తిప్పితే బండి ఏమీ జరగనట్టు పలికింది. రెండు మైళ్లు పోయి మళ్లీ అదే. ఇంకోసారి అదే అయ్యాక బండిని వెనక్కి తిప్పాను. తిరుగుదారిలోనూ ఆగుతూ ఆగుతూనే వచ్చింది.

రాబర్ట్‌సన్‌పేట బజారు వెనక సందులో మెకానిక్ షెడ్డు. అతనిది తమిళం మాట్లాడే ఇల్లు, మాతో తెలుగే మాట్లాడేవాడు. కారు మాట ఎత్తగానే డాక్టరులా ప్రశ్నలు వేశాడు.

"ఆగేముందు తుమ్మిందా సార్, దగ్గిందా?"

"రెండిటికీ తేడా ఏమిటి?"

"తుమ్మితే కరెంటు, దగ్గితే పెట్రోలు. డాక్టరు కాడికి పోతే చెప్పరా మీరు? నాకాడ మాత్రం సుమ్నే, ఊరికే నిలబడతారు."

"రెండూ కాదు. నసిగింది."

"నసిగిందా!" అని అతను చేతిలో స్పానరు కింద పెట్టాడు. "అయ్యో సార్, మా ఇంటామె కేసు. దానికి ఇంగ మందు లేదు."

అయినా మందు వేశాడు. పాయింట్లు మార్చాడు, కండెన్సరు మార్చాడు, ప్లగ్గులు గీకి పెట్టాడు. బజారు చుట్టూ ఒక చుట్టు తిప్పి వచ్చి, "ఏ నసుగుడూ లేదు. పెళ్లికొడుకు మాదిరి పోతా ఉండాది, చూడండి" అన్నాడు. నిజంగానే ఉంది. ఆఫీసుకు, బజారుకు, ఎక్కడికైనా పోయింది.

రెండోసారి మా పక్కింటాయన తోడు వచ్చాడు. గనిలో రాతికి బెజ్జాలు వేసే మిషను పట్టి, ఆ చప్పుడుకు ఒక చెవి పోగొట్టుకుని రిటైరైన మనిషి. సొంతూరు కామసముద్రం పక్క పల్లె. సరిహద్దు పల్లెల వాళ్లమని నా భార్యను అక్కా అని పిలిచేవాడు, ఆ వరసన నన్ను బావా అనేవాడు. వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. బండి సరిగ్గా అదే ఎత్తు మీద నసగడం మొదలుపెట్టగానే, చెవి పోయిన మనిషి నాకంటే ముందు పసిగట్టాడు.

"బావా, దమ్ము లేదు దీనికి. నా తొడకు తెలుస్తా ఉండాది."

"తొడకా?"

"చెవి పోయినోడికి తొడే చెవి. ఆపు, ఆపు. అరెరె, అదే ఆగిపాయె."

ఎండ మండుతోంది. ఇది వేడికి వచ్చిన జబ్బేనని తేల్చాడు. పెట్రోలు పంపు కాగిపోయి, లోపల పెట్రోలు ఆవిరై పోతోందని, గుడ్డ తడిపి కప్పాలని. నా తువ్వాలు తడిపి పంపుకు చుట్టాం. అది ఆరేలోగా ఆయన పెరుగన్నం మూట విప్పాడు. ఇద్దరం తిన్నాం. చేతులు కడుక్కుని తాళం తిప్పితే బండి పలికింది.

"చూసినావా? తడిగుడ్డ! మెకానిక్ కాడికి పోతావు నువ్వు, ఇంట్లోనే నాబోటోణ్ణి పెట్టుకొని."

మళ్లీ ఆగింది. మళ్లీ గుడ్డ తడిపాం. ఆయన ఒక చుట్ట కాల్చాడు, బండి పలికింది. ఇంకా ఆగింది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ముళబాగిలు ఇంకా రాలేదు. అప్పుడు ఆయన మొదటిసారి గొంతు తగ్గించాడు.

"బావా, కోపం చేసుకోకపోతే ఒక మాట. యాడికైనా పోతుంది గదా ఇది. ఈ ఒక్క దారికే పోదు. అక్కే పోనీయట్లేదేమో."

నేను బానెట్ దబ్బున దించాను.

"అట్ల కాదు. తనను ఇడిసిపెట్టి తన పుట్టింటికి పోతాడా వీడు అని..."

"బండి తిప్పుదాం," అన్నాను.

ఆయన మాట నాకు కష్టం కలిగించింది. పోయినవాళ్లు గాలి వీచినా, దీపం రెపరెపలాడినా కారణమవుతారని చెప్పేవాళ్లను నేను చిన్నప్పటినుంచీ చూశాను. మా కాలనీలో గని కింద మనిషి పోయిన ఇంట్లో, ఆ తర్వాత ఏ గిన్నె జారిపడినా ఆయనే అనేవారు. చనిపోయిన మనిషికి అలా పనులు అప్పజెప్పడం నాకు నచ్చదు. బతికి ఉండగా ఆమె చేసిన పనులు చాలు. పైగా నా భార్య నన్ను పుట్టింటికి పోనీయకుండా అడ్డుపడే మనిషి కాదు. ఒక్కరోజు ముందుగానే సంచులు సర్దేసే మనిషి.

ఇంటికి వచ్చి ఆ రాత్రి కాదు గాని, మర్నాడు ఆఫీసులో పటం గీస్తూ ఉండగా నాకు ఒక సంగతి తట్టింది. మొదటిసారి నేను వైర్లు నొక్కాను, తర్వాత కూర్చున్నాను, బండి పలికింది. రెండోసారి గుడ్డ తడిపాం, తర్వాత అన్నం తిన్నాం, బండి పలికింది. మేం ఏదో చేశాం కాబట్టి పలికిందనుకున్నాం. ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని ఉన్నా పలికేదేమో. ఆగడం, కాసేపు కూర్చోవడం, పలకడం. ప్రతిసారీ ఉన్నది ఆ కూర్చోవడం ఒక్కటే. కాబట్టి బండిలో ఏదో ఒకటి మెల్లగా నిండుతోంది, లేదా మెల్లగా ఖాళీ అవుతోంది. ఊరికే ఉంటే అది సర్దుకుంటోంది.

మెకానిక్‌తో ఈ మాట చెప్పాను. అతను తల గోక్కుని, "అట్లైతే సార్, ఆగినప్పుడు ఏమీ ముట్టుకోవద్దు. కూచోవద్దు కూడా. ఒక సీసాలో పెట్రోలు పెట్టుకోండి. ఆగిన వెంటనే కార్బొరేటరు నోట్లో కొంచెం పోసి తిప్పండి. పలికితే కరెంటు బాగుండాది, పెట్రోలు రావట్లే. పలక్కపోతే నా తల మీ చేతికి" అన్నాడు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపేది ఆ కార్బొరేటరే. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు దానిలో మా ఊరి దుమ్ము చూశాను.

మా ఊరి దుమ్ము గురించి ఇక్కడ చెప్పాలి. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండిని తరాలుగా పోసిన సైనైడు దిబ్బలు ఊరిచుట్టూ ఉన్నాయి. ఆషాఢం గాలి మొదలైతే ఆ తెల్లటి పిండి లేచి ఊరిమీద పడుతుంది. అన్నంలో, మంచంలో, పుస్తకాల పుటల మధ్య. అందుకని కాలనీలో ఆడవాళ్లు ప్రతిదానికీ తొడుగు కుడతారు. నీళ్లబిందెకు తొడుగు, రేడియోకు తొడుగు, గడియారానికి తొడుగు, సైకిలు సీటుకు తొడుగు. రాయల్పాడునుంచి వచ్చిన మొదటి గాలికాలంలో నా భార్య ఏడ్చింది. రెండో గాలికాలానికి కుట్టుమిషను కొనిపించింది. ఆ మిషనుకూ తొడుగు కుట్టింది. కారు పెట్రోలు మూత బయటికే ఉండేది, మీద రెక్క ఏమీ లేదు, కాబట్టి దానికీ పాత చీరగుడ్డతో ఒక తొడుగు.

రెండేళ్ల కిందట రాయల్పాడు దారిలో బండి ఆగితే, మెకానిక్ కార్బొరేటరు విప్పి అడుగున పేరుకున్న తెల్లపిండి ఆమెకు చూపించాడు. "చీరగుడ్డలోంచి దూరినాదమ్మా" అన్నాడు. అది ఆమె మనసులో పడింది. జబ్బు పడడానికి ముందటి గాలికాలంలో పాత వానకోటు గుడ్డ తీసి మూతకు కొత్త తొడుగు కుట్టింది. సూది బెజ్జాల్లోంచి కూడా దుమ్ము పోకూడదని కుట్టుమీద కొవ్వొత్తి రుద్దింది. సైకిలు ట్యూబు కోసిన పట్టీతో మెడ దగ్గర చుట్టి కట్టడం నాకు చూపించింది. "ఇంగ దుమ్ము వాళ్లమ్మ కూడా దూరలేదు" అంది. ఆ తర్వాత ఆ బండిలో మేం రాయల్పాడుకు పోలేదు. ఆస్పత్రికి పోయాం, అది దగ్గరే.

ఇదంతా ఇప్పుడు రాస్తూ ఉంటే వరసగా ఉంది. అప్పుడు నాకు ఈ రెండిటికీ సంబంధం ఏమీ కనపడలేదు.

మూడోసారి కూడా పక్కింటాయన వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. "నువ్వు ఒక్కడివే నడిరోడ్డులో పుస్తకం పట్టుకొని కూచుంటే చూసేవాళ్లు పిచ్చోడంటారు. ఇద్దరుంటే కారు చెడిందంటారు" అన్నాడు. ట్యాంకు నిండా పోయించి, తొడుగును ఆమె చూపించినట్టే బిగించి కట్టి బయలుదేరాను.

అదే ఎత్తు. అదే నసుగుడు. ఆగగానే నేను దిగి బానెట్ ఎత్తి, సీసాలోది కార్బొరేటరులో కొంచెం పోశాను. ఆయన సెల్ఫ్ తిప్పాడు. బండి వెంటనే పలికింది. గట్టిగా పలికింది. పోసినంతా తాగేసి ఆగిపోయింది. మళ్లీ పోశాను, మళ్లీ పలికి ఆగింది.

"కరెంటు బాగుండాది," అన్నాడాయన. "పెట్రోలే రాలేదు. ట్యాంకులో ఉండాదా అసలు?"

"నిండా పోయించాను కదా, నీ కళ్లముందే."

"పోయించినావు. ఉండాదా అని అడుగుతా ఉండా. కన్నం పడి యాడైనా కారిపాయెనేమో, పుల్ల పెట్టి చూడు."

వేపపుల్ల విరుచుకుని వెనక్కి పోయాను. ట్యూబు పట్టీ విప్పాను. తొడుగు రాలేదు. పట్టీ తీసేసినా గుడ్డ మూతను పట్టుకునే ఉంది. ఇంకా దగ్గరగా చూస్తే, మూత నడుమ గుడ్డ లోపలికి గుంటపడి ఉంది, వేలితో ఎవరో నొక్కి పట్టినట్టు. గోటితో అంచు లేపి లాగాను. గుడ్డ ఊడివచ్చింది. మూత నడుమ సూది దూరేంత బెజ్జం ఒకటి ఉంది, అది ఉందని నేను ఎప్పుడూ గమనించలేదు. ఆ బెజ్జంలోంచి ఈల వచ్చింది. సన్నగా, ఆగకుండా, చాలాసేపు.

పక్కింటాయన ముందు సీట్లోంచి దిగి పరుగెత్తుకొచ్చి, మంచి చెవి మూత దగ్గర పెట్టాడు.

"ఏరు!" అన్నాడు. గనిలో గాలిని వాళ్లు ఇంగ్లీషు మాటతో ఏరు అనే అంటారు, మిషన్లు నడిపే గాలి అయినా, పీల్చుకునే గాలి అయినా. "ఏరు పీలుస్తా ఉండాది బావా! లోపల పెట్రోలు తగ్గేకొద్దీ పైనుంచి ఏరు రావాల గదా. రాలే. మూత మూసిన సీసాను తలకిందులు చేస్తే నీళ్లొస్తాయా? అదే ఇది. మేమైతే కింద ఇట్లాంటి పనికి మేస్త్రీ చేత బూతులు తినేవాళ్లం."

అప్పుడు అన్నీ అర్థమయ్యాయి. పంపు పెట్రోలు లాగేకొద్దీ వానకోటు గుడ్డ ఆ బెజ్జానికి అతుక్కుని మూసేసేది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి ఉన్న చోటు కొంచెమే, కాబట్టి తొందరగా బిగుసుకునేది. దూరం పోవాలని నింపినప్పుడే, గట్టిగా కట్టినప్పుడే బండి ఆగేది. కూర్చుంటే ఎక్కడో సందులోంచి కొంచెం కొంచెం గాలి దూరి, మళ్లీ కాస్త దూరం నడిచేది. బజారు దాకా, ఆఫీసు దాకా పోవడానికి ఆ కాస్త చాలు.

తాళం తిప్పగానే బండి పలికింది.

తొడుగు నా చేతిలో ఉంది. లోపలి వైపు పెట్రోలు వాసన, బయట దుమ్ము. అంచు మడిచిన తీరు చూశాను. ఆమె ఏ గుడ్డ కుట్టినా అంచు రెండుసార్లు మడిచేది. పక్కింటాయన నన్ను చూశాడు. అక్కే పోనీయట్లేదని ఆయన అన్నది ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆయన నవ్వలేదు, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. నా పక్కసీటు ఆమెకోసమన్నట్టు ఖాళీగా వదిలి వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. తొడుగును మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మూత బోడిగానే ఉంది. అలాగే నడిపాను. ముళబాగిలు దాటాం. ఎక్కడా ఆగలేదు.

మధ్యాహ్నానికి వదిన ఇంటిముందు బండి ఆపాను. మామిడికాయలు కోసి వాకిలినిండా పోసి ఉన్నాయి, అడుగు పెట్టడానికి చోటు లేదు. లోపలినుంచి మాట వచ్చింది.

"ఎవరప్పా అది? కాయలు తొక్కేరు, చూసి రండి."

నేను అక్కడే ఆగిపోయాను. ఆ గొంతే. నెలల తరబడి ఎంత ప్రయత్నించినా నాకు దొరకని ధ్వని, అంత సులభంగా, కాయల గురించి వచ్చింది. పక్కింటాయన వెనకనుంచి వీపు మీద చెయ్యి వేశాడు. ఆయనకు అది వినపడిందో లేదో తెలియదు.

వదిన మంచం మీదనుంచి లేవలేక చేతులు చాపింది. నేను పోయి మంచం పక్కన కూర్చున్నాను. తర్వాత ఆలస్యం ఎందుకైందో అడిగింది. నేను జేబులోంచి తొడుగు తీసి ఇచ్చి జరిగినదంతా చెప్పాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది, అంచు మడత మీద బొటనవేలు నడిపింది. కళ్లలో నీళ్లు తిరుగుతూనే నవ్వింది.

"మనుషులకు టోపీ వేసేవాళ్లను చూసినా. కారుకు టోపీ వేసింది నా చెల్లెలొక్కతే."

"కారుకు వేస్తే పడింది ఎవరికమ్మా? నాకూ బావకూ," అన్నాడు పక్కింటాయన. "రెండు దినాలు ఎండలో కూచోబెట్టింది."

"బాగా చేసింది. ఆడపిల్ల పుట్టింటికి ఊరికే వస్తారా? ఇదో అప్పా, దీన్ని నేను పెట్టుకుంటా. మళ్లీ దానికి తొడిగేవు."

ఇవ్వాలని లేదు. కాని అడిగినది ఆ గొంతు. ఇచ్చేశాను.

మర్నాడు వదినను ఇద్దరం ఎత్తి ముందుసీట్లో కూర్చోబెట్టాం. డిక్కీలో మామిడికాయలు. దారంతా వదిన మాట్లాడుతూనే ఉంది, చెల్లెలి చిన్నప్పటి అల్లరి, తోట కౌలు, కాళ్లనొప్పులు. నేను రోడ్డు మీదనే చూపు పెట్టి నడిపాను. పక్కకు చూస్తే వదిన కనపడుతుంది. చూడకపోతే గొంతు మాత్రమే. బేతమంగళం దగ్గర బండి ఎంత మెల్లగా పోతోందో గమనించి పక్కింటాయన వెనకనుంచి, "ఇప్పుడు బండి బాగుండాది, డ్రైవరు నసుగుతా ఉండాడు" అన్నాడు.

ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర వదినకు పీట వేశాం. కూర్చునే కూరలు తరిగేది, పని చేసే అమ్మాయికి ఇది అక్కడ పెట్టు, అది ఇక్కడ పెట్టు అని చెప్పేది. నేను ముందు గదిలో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి, గోడకు ఇవతల. నాకు కావలసింది దొరికింది. గొంతు మా ఇంట్లో, మా వంటింట్లోంచి. మొదటి పూట అంతా అలాగే విన్నాను, పేపరు పుట తిప్పలేదు.

మధ్యాహ్నం గని సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ.

"అదేందప్పా అట్ల కూస్తాది? ఏమైనా అయిందా?" అని వంటింట్లోంచి గొంతు అడిగింది.

నేను పేపరు దించాను. గొంతు ఆమెదే. మాట ఆమెది కాదు. మా కాలనీలో సైరన్‌ను ఎవరూ కూత అనరు. తమిళంవాళ్లు అనేదే అందరం అంటాం, సంగు అని, అంటే శంఖం. నా భార్య "సంగు ఊదినాది, అన్నానికి లేయ్" అనేది. ఎసరుకు ఎంత టైముందో సంగును బట్టి చెప్పేది. పాలవాడిని తమిళంలో తిట్టేది, కూరలామెతో కన్నడంలో బేరమాడేది, నాతో తెలుగులో మాట్లాడుతూ మాటకు మాట మూడు భాషలూ కలిపేది. ఇన్నాళ్లూ నేను ఆమె గొంతు అనుకుంటున్నది ఇదంతా కలిసినది. వదిన నోట అది పుట్టిన ఊరి తెలుగుతో, శుభ్రంగా వస్తోంది. అలాంటి మాట ఈ ఇంట్లో నేను విన్నది మొదట్లో మాత్రమే. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలో సైరన్ మోగితే నా భార్య కూడా పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చి, బెదిరిపోయి, సరిగ్గా ఇదే అడిగింది. నేను వెతుక్కుంటూ పోయింది మొన్న పోయిన మనిషిని. ఇంటికి తెచ్చుకున్న గొంతు, ఆమెకు ఈ ఊరు ఇంకా తెలియని నాటిది.

లేచి వంటింటి గుమ్మం దగ్గరికి పోయాను. "ఏం కాలేదు వదినా. షిఫ్టు మారింది. దాన్ని ఇక్కడ సంగు అంటారు."

"సంగా? సంకు మాదిరా? సంకు ఎవరు ఊదుతారప్పా పట్టపగలు, పీనుగు ముందర తప్ప?" అని నవ్వింది. "ఏం ఊరప్పా మీది!"

ఇది కూడా నా భార్య అన్నదే. అప్పుడు నేనేం జవాబు చెప్పానో గుర్తులేదు.

వదిన గాలికాలం మొదలయ్యే దాకా ఉంది. చెల్లెలి చీరలు తీసి ఎవరికేది ఇవ్వాలో చెప్పింది. పక్కింటాయనతో రోజూ వాదులాడింది, ఆయన వినపడనట్టు నటించి గెలిచేవాడు. నేను గోడ ఇవతల కూర్చుని వినడం మెల్లగా మానేశాను. గుమ్మం దగ్గరికే కుర్చీ లాక్కుని, ముఖం చూస్తూ మాట్లాడడం అలవాటైంది. ఆ గొంతు వదినదిగా వినడం నేర్చుకుంటున్నాననుకున్నాను.

తిరిగి పోవడానికి ముందురోజు నేను ముందు గదిలో ఆమె మందులు సంచిలో సర్దుతున్నాను. సైరన్ మోగింది. నేను పట్టించుకోలేదు.

"సంగు ఊదినాదప్పా," అని వంటింట్లోంచి వినపడింది. "అన్నానికి లేయ్."

వస్తున్నానని చెప్పాలి. గుమ్మం దగ్గరికి పోకుండా, గోడ ఇవతలినుంచే చెప్పాను.